అత్తయ్యగారి ముక్కు, రీస్లింగ్ సీసా

మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆవిడ ఉండగా ఫ్రిజ్‌లో వైన్ పెట్టాలంటే నాకు గుండె దడ. కానీ ఆ శనివారం మావారి ఆఫీసు వాళ్లు రెండు జంటలు భోజనానికి వస్తున్నారు. బేస్‌మెంట్‌లో ఎప్పటినుంచో పడి ఉన్న ఆరేళ్ల నాటి రీస్లింగ్ సీసా తెచ్చి కొత్తిమీర కట్టల వెనక దాచాను.

పోయినసారి జరిగింది ఇంకా మర్చిపోలేదు. వచ్చినవాళ్లు మర్యాదకి మంచి రెడ్ వైన్ తెచ్చారు. కోడి వేపుడు ఒక ముక్క, వైన్ ఒక గుక్క. పాపం, ముఖాలు ఎర్రబడి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువేశానని సిగ్గుపడ్డాను. తర్వాత చదివితే తెలిసింది, తప్పు నా కారానిదొక్కటే కాదని.

మిరపకాయలోని క్యాప్‌సైసిన్ నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాలను తట్టి లేపుతుంది. ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది. రెడ్ వైన్‌లో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది, పైగా టానిన్ల వగరు. తీపి మాత్రం మంటను తగ్గిస్తుంది. అంటే మన వంటకి కావలసింది కాస్త తియ్యగా, ఆల్కహాల్ తక్కువగా, చల్లగా ఉండే తెల్ల వైన్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పప్పుచారు కాస్తున్నానని అప్పుడప్పుడు బాధపడే నాకు, ఆ చదువు ఇలా పనికొస్తుందని తట్టలేదు.

మేముండే రాచెస్టర్‌కి దగ్గర్లోనే ఫింగర్ లేక్స్. అక్కడి లోతైన సరస్సులు చలికాలంలో త్వరగా చల్లబడవు, ఒడ్డునున్న తోటలను కాపాడతాయి. అయినా యూరప్ ద్రాక్ష ఇక్కడ బతకదనే అనుకునేవారు. ఉక్రెయిన్ నుంచి 1951లో వలస వచ్చిన డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ ఒప్పుకోలేదు. డాక్టరేట్ ఉండి కూడా జెనీవా పరిశోధనా కేంద్రంలో పొలం పనితో మొదలుపెట్టారాయన. చలికి ఓర్చే వేరుమొక్కకు అంటుకడితే బతుకుతుందని పట్టుబట్టి, 1962లో క్యూకా సరస్సు దగ్గర సొంత వైనరీ పెట్టి నిరూపించారు. ఆ కథ విన్నప్పటి నుంచి ఆ సీసాలంటే నాకు అభిమానం.

కొనేటప్పుడు వెనక లేబుల్ చూడండి. చాలా రీస్లింగ్ సీసాల మీద డ్రై నుంచి స్వీట్ దాకా ఒక గీత, దాని మీద బాణం గుర్తు ఉంటాయి. మన కారానికి మీడియం స్వీట్ సరిపోతుంది. ఇందులో తీపితో పాటు పులుపూ గట్టిగానే ఉంటుంది కాబట్టి గోంగూర మాంసం, చింతపండు పులిహోర పక్కన చప్పబడదు. రొయ్యల వేపుడుకీ, మిరపకాయ బజ్జీలకీ బాగా కుదురుతుంది. బొబ్బట్లతో మాత్రం వద్దు. తినేది వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్ ఉత్త పుల్లనీళ్లే.

ఇంతకీ ఆ శనివారం సీసా మూత తీశానో లేదో, అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చారు. నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ముక్కు చిట్లించి, "ఏంటమ్మాయ్, కిరసనాయిలు వాసనొస్తోంది?" అన్నారు.

నాకు నవ్వాగలేదు. పాతబడిన రీస్లింగ్‌లో టీడీఎన్ అనే పదార్థం పెరుగుతుంది, దాని వాసన అచ్చం అలాగే ఉంటుంది. వైన్ నిపుణులు పనిగట్టుకుని నేర్చుకునే సంగతి ఆవిడ గుమ్మంలోంచే పట్టేశారు. దాచినందుకు తప్పు ఒప్పుకుని, అంతా వివరంగా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మీ మామయ్యగారికి చెప్పకు" అని మాత్రం అని, గోంగూర మాంసంలో ఉప్పు చూశారు.

ఆ రాత్రి ఎవరి కళ్లలోనూ నీళ్లు రాలేదు. గోంగూర గిన్నె ఖాళీ. అంట్లు సర్దుతుంటే అత్తయ్యగారే అన్నారు: "ఈసారి వాళ్లొస్తే పులిహోర నేను కలుపుతాను. ఆ కిరసనాయిలు సీసా కాకుండా కొత్తది తెప్పించు."