వెతికితే దొరకనిదంతా లేనట్టేనా?

ఈసారి మన శీర్షికలో డిపాజిట్లు, వడ్డీల సంగతి పక్కనపెట్టి, మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయంతో మొదలుపెడతాను.

కోయంబత్తూరులో హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి సెలవులకు మదురై వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ రాగి సంగటి కెలికి, ముద్దలు చేసి వడ్డించింది. తింటూ తింటూ అమ్మాయి ఫోను చూసి, "నాయనా, అవ్వ చెప్పే సంగటి అనే మాటే లేదు. గూగుల్‌లో వెతికితే వేరే ఏమేమో వస్తా ఉంది. అవ్వే తప్పు పలుకుతా ఉందేమో" అంది. "మా అమ్మ, మా అవ్వ అందరూ అట్లే అనేవాళ్ళు కదమ్మా" అని మా అమ్మ చిన్నబుచ్చుకుంది.

ఫోను తీసుకుని చూశాను. అమ్మాయి ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషులో రాస్తే సంగటి, సంగతి రెండూ ఒక్కటే అవుతాయి. అందుకే కర్ణాటక సంగీతంలోని సంగతులు, 1994లో వచ్చిన బామ గారి తమిళ నవల 'సంగతి' ముందుకు వచ్చాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు. అడిగిన అక్షరాలకు తన దగ్గరున్నది చూపించింది. ఈ యంత్రం ఎలా వెతుకుతుందో పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉందని అప్పుడనిపించింది. నేను చదివింది బి.కాం., ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. కాబట్టి నాకు తెలిసిన లెక్కలోనే చెబుతాను.

ఇందులో పనులు మూడు. మొదటిది తిరగడం. ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నిటికీ కలిపి ఒకే రిజిస్టరు ఎక్కడా లేదు. అందుకని సెర్చ్ ఇంజన్ తరఫున క్రాలర్ అనే ప్రోగ్రాము తిరుగుతూ ఉంటుంది. తెలిసిన ఒక పేజీకి పోయి, దాన్ని చదివి, అందులో ఇతర పేజీలకు ఉన్న లింకులను రాసుకుని, వాటి వెంట ముందుకు పోతుంది. ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీ దారి లేని ఇల్లు వంటిది. సొంతదారు స్వయంగా తెలియజేస్తే తప్ప దాని జాడ దొరకడం కష్టం. "ఇటు రావద్దు" అని బోర్డు పెట్టే ఏర్పాటు కూడా 1994 నుంచి ఉంది, మర్యాద గల క్రాలర్లు దాన్ని పాటిస్తాయి.

రెండవది సూచిక రాయడం. కంప్యూటర్లు రాకముందు మా బ్రాంచిలో ప్రతి లెడ్జరుకూ ఒక ఇండెక్సు ఉండేది. ఖాతాదారు పేరు చెబితే లెడ్జరంతా తిరగేసేవాళ్ళం కాదు. ఇండెక్సులో పేరు పక్కన ఉన్న ఫోలియో నంబరు చూసి నేరుగా ఆ పేజీ తీసేవాళ్ళం. సెర్చ్ ఇంజన్ కూడా అంతే. మనం మీట నొక్కినప్పుడు అది లోకమంతా తిరగదు, ముందే రాసిపెట్టుకున్న సూచికలో చూస్తుంది. అందులో ప్రతి మాట కింద, ఆ మాట ఉన్న పేజీల జాబితా ఉంటుంది. "మదురై సంగటి" అని అడిగితే రెండు జాబితాలు తీసి, రెండింటిలోనూ ఉన్న పేజీలను ఏరుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. 17వ శతాబ్దం చివర మదురైని ఏలిన రాణిని మనం మంగమ్మ అంటాం, తమిళులు మంగమ్మాళ్ అంటారు. మనిషి ఒక్కరే, సూచికలో అరలు వేరు. అవి రెండూ ఒకటేనని నేటి యంత్రాలు కొంతవరకు పోల్చుకోగలవు. కానీ అంత పేరున్న రాణికి జరిగే మేలు మా అవ్వ వంటింటి మాటకు జరగదు.

మూడవది వరుస కట్టడం. వేల పేజీలు దొరికితే ఏది ముందు? 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ గూగుల్ గురించి ఒక పత్రం ప్రకటించారు. అప్పటికి అందులో ఉన్నవి సుమారు 2 కోట్ల 40 లక్షల పేజీలు. వారి పద్ధతి మాకు కొత్తేమీ కాదు. పూర్వం ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఒకరు పరిచయ సంతకం పెట్టాలి. పరపతి గలవారి సంతకానికి విలువ ఎక్కువ. అడిగినవారికల్లా సంతకం పెట్టేవారి మాటకు విలువ తక్కువ. ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకు అటువంటి సంతకమే. ఒకరికొకరు దొంగ సంతకాలు పెట్టుకునే ముఠాలూ వచ్చాయి, వాటిని పట్టుకునే తనిఖీలూ వచ్చాయి. ఇప్పుడు లింకులతో పాటు ఇంకా ఎన్నో అంశాలు చూస్తారు.

కాబట్టి మొదట వచ్చింది గనుక అది నిజమని కాదు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, అక్కడ కనిపించిన దొంగ నంబరుకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ నంబరు మీ పాస్‌బుక్కులోనో, కార్డు వెనకనో చూసుకోండి. అలాగే, వెతికితే రాలేదు గనుక అది లేదనీ కాదు.

తిరుమల నాయకుని మహలు గురించి అడగండి, కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి గురించి అడగండి, పేజీలకు పేజీలు వస్తాయి. వారికి పరిచయ సంతకాలు పెట్టినవారు ఎందరో. మరి మన ఇళ్లలోని మాటలకో? 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షలకు పైనే. మన నాయక రాజుల కాలంలో మదురైలో తెలుగు కావ్యాలు పుట్టాయి. అయినా మన పెళ్ళి పాటలు, వంటల పేర్లు, ఊరి కథలు నోటిలోనే ఉన్నాయి. నోటిలో ఉన్నదాన్ని ఏ క్రాలరూ చదవలేదు.

ఇందులో మన తప్పూ కొంత ఉంది. మన పత్రిక పాత సంచికలు సంఘం వెబ్‌సైటులో ఉన్నాయి కదా అని, అందులో వచ్చిన ఒక పెళ్ళి పాట పేరు కొట్టి చూశాను. రాలేదు. కొన్ని సంచికలు కేవలం ఫోటోలు. మిగిలినవి ఆనాటి డి.టి.పి. ఫాంట్లలో చేసినవి. మన కంటికి తెలుగు అక్షరాలే, యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది. అందులో టైపు చేసినది మాత్రమే యంత్రం తెలుగుగా నమ్మకంగా చదవగలదు.

అందుకని సంఘ సభ్యులకు నా మనవి. పాత సంచికల్లోని పాటలు, వంటలు, ఊరి చరిత్రలు యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేద్దాం. ప్రతిదానికీ స్పష్టమైన శీర్షిక, ఊరి పేరు, సంవత్సరం పెడదాం. మన పిల్లలు వెతికే తీరు తెలుసు గనుక, అదే మాటను తమిళ, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పక్కన రాద్దాం. ఒక పేజీ నుంచి ఇంకొక పేజీకి లింకు ఇద్దాం. సూచికలో చేర్చడానికి గూగుల్ రుసుము తీసుకోదు. "డబ్బు కట్టండి, మొదటి స్థానం ఖాయం" అనేవారిని నమ్మవద్దు. ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు మాత్రం ఎక్కించవద్దు.

ఆ రాత్రే నేను 'సంగటి' అని తెలుగు అక్షరాల్లో కొట్టాను. రాయలసీమ వంటల పేజీలు వరుసగా వచ్చాయి. మా అమ్మా తమిళ బడిలోనే చదివింది, తెలుగు చదవలేదు. అందుకని ఒక పేజీ పైకి చదివి వినిపించాను. "నేను చేసేది అట్లే కదా" అంది. అమ్మాయి అవ్వ పక్కన చేరి, "ఇంకా ఏమేం మాటలుండాయి అవ్వా, చెప్పు, రాసుకుంటా" అంది. ఆ జాబితా ఇప్పటికి రెండు పేజీలైంది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే ఒక్కొక్క మాట, దాని అర్థం, మీ ఊరి పేరుతో సహా రాసి పంపండి. అక్షరాలు రాకపోతే తమిళంలోనే రాయండి, తెలుగులోకి నేను మారుస్తాను. వచ్చే సంచికలో కలుసుకుందాం.