నాలుగో పాఠకుడు



పోయిన నెలలో ఒక అమ్మాయి దగ్గిరనుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఏడో తరగతి చదువుతున్నదట. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి బళ్లో ఒక లిఖిత పత్రిక మొదలుపెట్టింది. తెల్లకాగితాలు మడిచి, దారంతో కుట్టి, అట్టమీద నెమలిబొమ్మ వేశారు. లోపల రెండు కథలూ, ఒక గేయమూ, కాసిని పొడుపుకథలూ, వానపామును గురించి ఒక వ్యాసమూ రాశారు. మొదటి సంచికను తరగతి అంతా లాక్కుని మరీ చదివింది. రెండో సంచికను తొమ్మిదిమంది చదివారు. మూడోది నలుగురు చదివారు. "ఆ నలుగురిలోనూ ముగ్గురం మేమే, మాస్టారూ! నాకు రాయటం చేతకాదు కాబోలు. మానేద్దామనుకుంటున్నాను," అని రాసింది.

ఆ అమ్మాయికి విడిగా జవాబు రాశాను. ఆ సంగతి చివర చెబుతాను. ఇటువంటి ఉత్తరాలు నాకు ఏటా రెండుమూడైనా వస్తాయి. అదేం చిత్రమో గాని, అందరూ మూడో సంచిక దగ్గిరే కూలబడతారు!

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు వినే ఉంటారు. ఉరుములు ఉరిమేవేళ గాలిపటం ఎగరేసి, మెరుపులో ఉన్నది విద్యుత్తేనని తేల్చిన అమెరికావాడు. (ఆ పని మీరు మాత్రం చెయ్యకండి, ప్రాణాలు పోతాయి.) అది 1752లో జరిగింది. నేను చెప్పబోయేది అంతకు 30 ఏళ్ల ముందటి మాట. అప్పుడతను మీలాటి కుర్రవాడే.

అతను 1706లో బోస్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులూ, సబ్బూ తయారుచేసి అమ్మేవాడు. ఆయనకు 17మంది సంతానం. ఇక చదువులు ఎంతవరకు సాగుతాయి? బెంజమిన్ రెండేళ్లపాటు బడికి పోయి, పదో ఏట మానేశాడు. పన్నెండో ఏట అన్న జేమ్స్ నడిపే అచ్చుకూటంలో పనికి కుదిరాడు.

అచ్చుకూటంలో ఉన్నవాడికి తనూ ఏదో ఒకటి రాయాలనిపించటం సహజమే గదా! ఆ రోజుల్లో ఒక దీపస్తంభం కావలివాడు కుటుంబంతో సహా సముద్రంలో మునిగి చనిపోయాడు. బెంజమిన్ దాన్ని గురించి పాట కట్టాడు. అన్న అచ్చువేసి, "వీధిలోకి పోయి అమ్ముకురా," అన్నాడు. పాట వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. కుర్రవాడికి తల కాస్త తిరిగింది. తండ్రి ఆ పాటలు చూసి నవ్వి, పద్యాలు రాసేవాళ్లు సాధారణంగా ముష్టెత్తుకుంటూ ఉంటారని చెప్పాడు. దానితో బెంజమిన్ పాటలు కట్టడం మానుకున్నాడు.

ఆ తండ్రి మరోమాటు చేసిన పని మాత్రం నాకు చాలా నచ్చింది. బెంజమిన్‌కు కాలిన్స్ అనే స్నేహితుడుండేవాడు. ఆడపిల్లలకు పెద్ద చదువులు తగునా, కాదా అని ఇద్దరికీ వాదన వచ్చింది. తగదని కాలిన్స్ అంటే, తగునని మనవాడన్నాడు. వాదన తెగకముందే ఇద్దరూ విడిపోవలసివచ్చి, ఉత్తరాల్లో వాదించుకున్నారు. ఆ ఉత్తరాలు తండ్రి కంట పడ్డాయి. ఎవరి వాదన సరి అన్న జోలికి ఆయన పోలేదు. "అక్షరదోషాలు లేకుండా, విరామచిహ్నాలు సరిగా పెట్టి రాయటంలో అతనికన్న నువ్వే మేలు. కాని చెప్పే తీరులో సొంపు తక్కువ, వరస తక్కువ, స్పష్టత తక్కువ," అని, ఆ ఉత్తరాల్లోనే ఎక్కడెక్కడ అలా ఉన్నదో వేలు పెట్టి చూపించాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు తన నాయనమ్మతో జాతరకు పోయివచ్చిన సంగతి నాలుగు పేజీలు రాసి నాకు తెచ్చి ఇచ్చాడు. నేను రాయమనలేదు, వాడంతట వాడే రాశాడు. నేను ఎర్రసిరాతో తప్పులన్నిటికీ సున్నాలు చుట్టి, చివర "అక్షరదోషాలు 31" అని వేసి తిరిగి ఇచ్చాను. అంతే. ఆ తరవాత వాడు ఇంటిపని తప్ప మరే కాగితమూ నా చేతికివ్వలేదు. ఇరవయ్యేళ్లు గడిచాక ఒకనాడు బస్టాండులో కనపడి నమస్కారం పెట్టాడు. పిల్లల్ని పరిచయం చేశాడు. మాటల మధ్య నవ్వుతూ, "ముప్పై ఒకటి సార్, నాకింకా గుర్తే," అన్నాడు. నాకు ఆ అంకె గుర్తులేదు. కాని ఆ నాయనమ్మ తన దగ్గరున్న డబ్బంతా పెట్టి వీధిలోని ఆడపిల్లలందరికీ గాజులు కొన్నదని వాడు రాసిన ముక్క మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది. అది బాగున్నదని వాడితో నేను అనలేదు. అమ్మలూ, నాన్నలూ, ఈ ముక్క మీరు కూడా చదువుతారనే రాస్తున్నాను.

మళ్లీ బోస్టన్‌కు పోదాం. తండ్రి చెప్పినమాట బెంజమిన్‌కు బాగా పట్టింది. లండనులో 1711లో మొదలైన "స్పెక్టేటర్" అనే పత్రిక వ్యాసాలను పుస్తకాలుగా వేశారు. అందులో ఒక సంపుటం అతనికి దొరికింది. ఆ రాసేతీరు అతనికి తెగ నచ్చింది. ఏం చేశాడో చూడండి. ఒక వ్యాసం చదివి, ఒక్కొక్క వాక్యంలోని భావాన్నీ రెండు మూడు మాటల్లో గుర్తుగా రాసుకునేవాడు. ఆ కాగితం కొద్దిరోజులు పక్కన పడేసేవాడు. తరవాత పుస్తకం చూడకుండా, ఆ గుర్తుల్నిబట్టి వ్యాసమంతా తన మాటల్లో మళ్లీ రాసేవాడు. అప్పుడు పుస్తకం తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, తన తప్పులు తనే దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల కాగితాలన్నీ కలగాపులగం చేసి, కొన్ని వారాల తరవాత వాటిని సరైన వరసలో పెట్టటానికి ప్రయత్నించేవాడు. వరస తక్కువని తండ్రి అన్నాడు గదా, దానికి మందు! వ్యాసాన్ని పద్యంగా మార్చి, కొంతకాలానికి ఆ పద్యాన్ని మళ్లీ వచనం చేసేవాడు. పద్యంలో ఇమడాలంటే ఒకే అర్థానికి పొట్టిమాటా, పొడుగుమాటా వెతుక్కోవాలి. అందువల్ల మాటలు పెరిగాయి.

ఇదంతా ఎప్పుడు చేసేవాడనుకున్నారు? పగలంతా అచ్చుకూటంలో చాకిరి. అందుకని రాత్రి పని అయ్యాకా, ఉదయం పని మొదలుకాకముందూ, ఆదివారాలూ.

ఇంతలో 1721లో అన్న జేమ్స్ ఒక వారపత్రిక మొదలుపెట్టాడు. బెంజమిన్ అక్షరాలు కూర్చేవాడు, పత్రికలు ఇంటింటికీ అందించేవాడు. తను రాసినవి వెయ్యమని అడగటానికి ధైర్యం చాలలేదు. తమ్ముడి రాత అంటే అన్న తోసిపారేస్తాడని అతని భయం. 1722లో, పదహారేళ్ల వయసులో, తన దస్తూరీ మార్చి, ఒక వితంతువు రాసినట్టుగా ఉత్తరం రాసి, రాత్రివేళ అచ్చుకూటం తలుపు కిందనుంచి లోపలికి తోశాడు. ఆ వితంతువుకు సైలెన్స్ డూగుడ్ అని పేరు పెట్టాడు. పేరుకు మౌనమేగాని మహా మాటకారి!

పొద్దున్న అన్న దాన్ని తీసి, తన స్నేహితులకు చూపించాడు. వాళ్లు చదివి మెచ్చుకున్నారు. రాసిందెవరై ఉంటారని తర్కించుకుంటూ, ఊళ్లో పేరుపొందిన విద్వాంసుల పేర్లన్నీ చెప్పారు. అదంతా పక్కనే పని చేసుకుంటూ బెంజమిన్ విన్నాడు. ఇంతకన్న ఆనందం వేరే ఏముంటుంది? ఏప్రిల్ మొదలు అక్టోబరువరకు, దాదాపు పదిహేనురోజులకొకటి చొప్పున, 14 ఉత్తరాలు అచ్చయ్యాయి. చివరకు తన దగ్గిరున్న సరుకు అయిపోయిందని తనకే తోచి, అసలు సంగతి బయటపెట్టాడు. అన్నకు అది ఏమంత రుచించలేదు.

ఎంతమంది చదివారో ఆ పదహారేళ్లవాడు లెక్కపెట్టుకోలేదు చూశారా? అతను వాళ్ల మాటలు విన్నాడు. ఎంతమంది చదివారంటే ఒక అంకె వస్తుంది. ఏమన్నారో వింటే రేపేం రాయాలో తెలుస్తుంది.

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హెడ్మాస్టరునయ్యాక మా బడి వరండాలో గోడపత్రిక పెట్టించాను. మొదటి రెండు నెలలూ నేనే రాసి అతికించాను. మంచి అలవాట్లు, కాలం విలువ, క్రమశిక్షణ. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పేరు. అయినా ఒక్కడంటే ఒక్కడు ఆగి చదవలేదు. ఒకనాడు స్తంభం చాటున నిలబడి చూశాను. పిల్లలు ఆ అద్దంలో జుట్టు సవరించుకుని పోతున్నారు!

ఆ వారం ఎనిమిదో తరగతిలో ఒక కుమ్మరివారి పిల్లను పిలిచి, "మీ ఇంట్లో కుండ ఎలా చేస్తారో రాసి పట్టుకురా," అన్నాను. మట్టిని కాళ్లతో ఎలా తొక్కుతారో, అందులో చిన్న రాయి ఉండిపోతే కాల్చేటప్పుడు కుండ ఎలా పగులుతుందో, పగిలిన రోజున వాళ్ల నాన్న ఎలా మాట్లాడకుండా కూచుంటాడో రాసింది. సోమవారం అతికించాం. మధ్యాహ్నానికి అక్కడ గుంపు చేరింది. "సారెమీదినుంచి తీసినప్పుడు కుండకు అడుగు ఉండదటగా, మరి అడుగెలా వస్తుంది?" అని ఎవడో అడిగాడు. లోపల రాయి ఆనించి పైనుంచి చెక్కతో తట్టితట్టి అడుగు మూస్తారని ఆ పిల్ల పైవారం రాసింది. దాన్ని చదివి మరొకడు ఇంకొకటి అడిగాడు. అటు తరవాత రాయటానికి విషయం లేదన్నమాట మా బళ్లో వినపడలేదు. ప్రతి సోమవారమూ పొద్దున్న గంట కొట్టేసరికి కొత్తకాగితం ఉండేది. ఒక సోమవారం నేను మీటింగుకు పోయి తాళంచెవి నాతోనే తీసుకుపోయాను. మర్నాడు రాగానే నలుగురు పిల్లలు నా గదిముందు నిలబడి, "పత్రిక ఏది సార్?" అని నిలదీశారు. మా పత్రికకు పాఠకులున్నారని నాకు ఆరోజే నమ్మకం కుదిరింది.

రోజు తప్పకపోవటమంటే ఏమిటో ఫ్రాంక్లిన్ కూడా పెద్దవాడయ్యాక చూపించాడు. పదిహేడో ఏట అతను ఫిలడెల్ఫియా నగరం చేరుకుని, కొంతకాలానికి సొంత అచ్చుకూటం పెట్టాడు. 1732 డిసెంబరులో, వచ్చే ఏటికిగాను, ఒక పంచాంగం వేశాడు. అక్కడి సామాన్యులు కొనే పుస్తకం దాదాపు అదొక్కటే. ఉగాది దాటాక వచ్చిన పంచాంగాన్ని మనం కొంటామా? అదీ అంతే. రిచర్డ్ సాండర్స్ అనే బీదవాడు, భార్య పోరు పడలేక రాస్తున్నట్టుగా పీఠిక రాశాడు. ముఖ్యమైన రోజుల మధ్య ఖాళీగా మిగిలే జాగాల్లో చిన్నచిన్న సామెతలు ఇరికించాడు. అవన్నీ తన సొంతం కావనీ, చాలావాటిని నానాదేశాలవారి మాటలనుంచి ఏరి తెచ్చాననీ తరవాత ఒప్పుకున్నాడు. 1758 సంవత్సరపు పంచాంగం దాకా ఏ ఏడూ తప్పలేదు. ఏటా పదివేల ప్రతులదాకా అమ్ముడుపోయేవి.

ఇక ఆ అమ్మాయికి రాసిన జవాబు. "అమ్మాయీ, మూడో సంచికను నలుగురు చదివారన్నావు. ముగ్గురు మీరే. నాలుగో మనిషి ఎవరు? ఏది చదివారు? ఏమన్నారు? కనుక్కుని రాయి. సంచికకు 24 పేజీలంటున్నావు, అది ముగ్గురికి మోయలేని బరువు. ఎనిమిది పేజీలు చాలు. నెలలో ఒక తేదీ అనుకోండి, అది మారకూడదు. పరీక్షలనెలకోసం రెండు వ్యాసాలు ముందే రాసి దాచుకోండి," అని రాశాను.

పదిరోజుల్లో జవాబు వచ్చింది. నాలుగో పాఠకుడు ఆరో తరగతి పిల్లవాడట. కథలు చదవలేదట, గేయమూ చదవలేదట. వానపాము వ్యాసం మాత్రం రెండుసార్లు చదివాడట. "వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు పాములవుతాయంటారు గదా, నిజమేనా అక్కా?" అని అడిగితే, ఈ అమ్మాయి తెలియక ఊరుకున్నదట.

నిజం కాదు. తోకవైపు ముక్క చచ్చిపోతుంది. తలవైపు ముక్క, తెగిన చోటునుబట్టి, ఒక్కోసారి బతికి తోకను మళ్లీ పెంచుకోగలదు. (దీనికోసం ఎవరూ పలుగూ పారా పట్టుకుని బయలుదేరకండి!) వాళ్ల సైన్సు టీచరమ్మను అడిగి, ఈ సంగతే నాలుగో సంచిక మొదటి పేజీలో వేస్తున్నామని రాసింది. ప్రతినెలా 5వ తేదీ ఖాయం చేసుకున్నారట.

ఒక ప్రతి నాకూ పంపమన్నాను. చదివి, నాకు నచ్చిన చోట్లు రాసి తిరిగి పంపిస్తాను. నా ఎర్రసిరా కలం ఇంకా బల్లసొరుగులో ఉన్నది గాని, దానికి మాత్రం వాడను.