అమ్మ కొన్న కోటు

మనకు చలి అంటే ఏముంది చెప్పండి? కార్తీకంలో తెల్లారగట్ట స్నానం చేసేటప్పుడు కాస్త వణుకు. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గేసేటప్పుడు భుజాల మీద ఓ శాలువా. భోగి మంట దగ్గర కాసేపు చేతులు కాచుకోవడం. ఆ తర్వాత శివరాత్రికి శివశివా అంటూ అదే వెళ్లిపోతుంది. ఏటా రోడ్డు పక్కన టిబెటన్లు పరిచే స్వెట్టర్లలో ఒకటి కొనుక్కుంటే మూడు నాలుగేళ్లు గడిచిపోతుంది.

అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల ఉద్యోగానికని షికాగో బయల్దేరితే? పచ్చళ్లు, పొడులు, ప్రెషర్ కుక్కర్... వీటన్నిటికంటే ముందు ఇంటిల్లిపాదికీ పట్టుకునే బెంగ కోటు!

నిరుడు డిసెంబరులో మా అక్క ఇంట్లో జరిగిందదే. అక్క కూతుర్ని హైదరాబాద్ కంపెనీ వాళ్లు షికాగో ఆఫీసుకు పంపుతున్నారు. జనవరి మొదటి వారంలో చేరాలి. అక్క నాకు ఫోన్ చేసింది.

"నువ్వు అన్నేళ్లు ఢిల్లీలో ఉన్నదానివి కదే. ఎలాంటి కోటు కొనాలో చెప్పు. వెచ్చగా ఉండాలి, ఆఫీసులో నలుగురిలో హుందాగానూ ఉండాలి" అంది.

అడగడమే ఆలస్యం, సలహా చెప్పేశాను. పదకొండు చలికాలాలు ఢిల్లీ ఆఫీసులో గడిపిన దాన్ని కదా, ఆ మాత్రం ధీమా ఉండదూ! "నల్ల రంగుది తీసుకో. నడుం దగ్గర పట్టినట్టుండాలి. తొడల దాకా వస్తే చాలు. మరీ మందంగా ఉంటే పరుపు చుట్టుకున్నట్టుంటుంది" అన్నాను.

అక్క చీటీ పాడిన డబ్బుల్లోంచి తీసి, నాలుగు షాపులు తిరిగి, అచ్చం నేను చెప్పినట్టే ఉన్న కోటు కొంది. ఎంత బాగుందో! పిల్ల వేసుకుంటే సినిమా హీరోయిన్‌లా ఉంది. విమానాశ్రయంలో ఫొటోలు కూడా ఆ కోటుతోనే.

మూడు వారాల తర్వాత ఓ రాత్రి వీడియో కాల్ చేసింది. అక్కడ ఉదయం, ఆఫీసుకు బయల్దేరుతోంది. అదే కోటు. కానీ గుండీలు పెట్టుకోలేదు.

"అదేంటమ్మలూ, గుండీలు పెట్టుకోవేం?"

"పట్టవు పిన్నీ. లోపల రెండు స్వెట్టర్లున్నాయి."

కాసేపు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. స్టేషన్ నుంచి ఆఫీసుకు పావుగంట నడక. ఆ కోటు గాలిని ఆపడం లేదు. రెండో వారంలో మొదటిసారి క్లయింట్ల ముందు మాట్లాడాల్సి వచ్చింది. రాత్రంతా మేలుకుని తయారైంది. తీరా అక్కడికి వెళ్లేసరికి దవడలు బిగుసుకుపోయి నోట మాట పెగల్లేదట! పక్క సీటులో కూర్చునే పెద్దావిడ వేడి వేడి కాఫీ తెచ్చి చేతిలో పెట్టి, నాలుగు నిమిషాలు తనే ఏదో మాట్లాడి నెట్టుకొచ్చిందట.

"మరి అమ్మకు చెప్పలేదేమే?"

"అమ్మ చీటీ డబ్బులు పెట్టి కొంది పిన్నీ. పనికి రాలేదని ఎలా చెప్పను?"

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. తప్పు అక్కదీ కాదు, పిల్లదీ కాదు. సలహా చెప్పిన నాది.

ఢిల్లీ చలి వేరు, షికాగో చలి వేరు

నేను చేసిన పొరపాటేమిటో తర్వాత అర్థమైంది. ఢిల్లీలో జనవరి రాత్రుళ్లు ఏడెనిమిది డిగ్రీలు ఉంటాయి. కొన్ని రోజులు ఇంకా తగ్గుతుంది. అయితే అక్కడ చాలా ఆఫీసులు బయట ఎంత చల్లగా ఉంటాయో లోపలా అంతే. బల్ల కింద ఓ రూమ్ హీటరు పెట్టుకుని రోజంతా కోటుతోనే కూర్చుంటాం. అంటే అక్కడ కోటు కూడా ఆఫీసు దుస్తుల్లో భాగమే. అందం, కుట్టు, నడుం దగ్గర పట్టు... ఇవన్నీ చూసుకోవాల్సిందే.

షికాగో సంగతి అది కాదు. జనవరిలో మిట్టమధ్యాహ్నం కూడా సున్నా దగ్గరే. రాత్రి మైనస్ ఏడు, ఎనిమిది మామూలు. 2019 జనవరి 30న అయితే మైనస్ 30 డిగ్రీలు దాటింది. దానికి తోడు గాలి. మైనస్ 8 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 17లా తగులుతుంది. కానీ ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే? మన ఇంట్లో ఉన్నట్టే వెచ్చగా ఉంటుంది. కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తారు. సాయంత్రం దాకా దాని వంక చూసేవాళ్లే ఉండరు!

కాఫీ తెచ్చిచ్చిన ఆ పెద్దావిడ కూడా మా పిల్లతో అదే చెప్పిందట. "ఆఫీసులో నీ కోటు ఎవరికీ కనపడదు. నువ్వే కనపడతావు. వణక్కుండా వచ్చే దారి చూసుకో" అని.

కాబట్టి కోటు కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న 'ఏ కంపెనీది?' కాదు. 'దీన్ని ఎక్కడ వేసుకుంటాను? ఎంతసేపు వేసుకుంటాను?' కారులో వెళ్లి కారులో వచ్చేవాళ్లకు ఒక కోటు. బస్టాపులో ఇరవై నిమిషాలు నిలబడేవాళ్లకు ఇంకో కోటు.

ఉన్నా? నూగా?

ఆఫీసు కోట్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఉన్నిది. సూటు మీద, చీర మీద దీనికున్న హుందాతనం మరి దేనికీ రాదు. ఉన్ని కొంత తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. అయితే లేబుల్ తప్పకుండా చూడాలి. చూడ్డానికి ఉన్నిలా ఉండి లోపల అంతా పాలిస్టరే ఉండే కోట్లు బోలెడు. మా అక్క కొన్నది అలాంటిదే! లేబుల్ మీద ఉన్ని వాటా 80 శాతం దాకా ఉండి, గుడ్డ దట్టంగా ఉండి, లోపల పూర్తిగా లైనింగు ఉంటే మంచి కోటని అర్థం. దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు దూరితే గాలీ దూరుతుంది.

రెండోది నూగు నింపినది. బాతుల రొమ్ము దగ్గరి మెత్తటి నూగును గళ్లు గళ్లుగా కుట్టిన గుడ్డలో నింపుతారు. దీన్ని డౌన్ అంటారు. దీని పుట్టుక వెనక ఓ కథ ఉంది. అమెరికాలో ఎడ్డీ బాయర్ అనే ఆటవస్తువుల వ్యాపారి 1930లలో చలికాలం చేపల వేటకు వెళ్లాడు. ఒంటి మీది ఉన్ని కోటు తడిసిపోయి, చలికి ప్రాణం మీదికి వచ్చింది. ఆ అనుభవంతోనే నూగు కోటు తయారుచేసి 1940లో పేటెంటు తీసుకున్నాడు. బరువు తక్కువ, వేడి ఎక్కువ. లేబుల్ మీద 'ఫిల్ పవర్' అని 600, 700 లాంటి అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తక్కువ బరువులో ఎక్కువ వెచ్చదనం అన్నమాట. కాకపోతే నూగు బాగా తడిస్తే ముద్దయిపోయి వేడినివ్వదు. అందుకే పైగుడ్డ నీరు జారిపోయేలా ఉండాలి. జంతువుల నుంచి వచ్చినవి వద్దనుకునేవాళ్లకు సింథటిక్ దూది నింపినవి దొరుకుతాయి. కాస్త బరువుంటాయి కానీ తడిసినా నూగంతగా మోసం చేయవు.

మరి నూగు కోటు ఆఫీసుకు బాగుంటుందా? మెరిసే గుడ్డ, ఎర్రటి రంగు, వీపు మీద ఇంత పెద్ద కంపెనీ పేరు ఉంటే బాగుండదు. మెరుపు లేని నలుపో, ముదురు నీలమో, బూడిద రంగో తీసుకుని, మోకాళ్ల దాకా ఉండేది ఎంచుకుంటే నిక్షేపంలా ఉంటుంది. టోపీ విడిగా తీసేసే వీలుంటే ఇంకా మంచిది. ఒక్క కోటే కొనగలిగితే, గాలి గట్టిగా వీచే ఊళ్లో నా ఓటు దీనికే.

ఇంకో మాట. ట్రెంచ్ కోటు చూసి మోసపోకండి. నడుముకు బెల్టుతో ఎంతో దర్జాగా ఉంటుంది. అది పుట్టింది వానకు, గాలికి. గడ్డకట్టే చలికి కాదు.

వేసుకుని చేతులెత్తి చూడండి

కోటును చొక్కా మీద వేసుకుని చూసి కొనేస్తారు చాలామంది. తర్వాత లోపల బ్లేజరు వేసుకుంటే చంకల్లో పట్టేస్తుంది. ఆఫీసుకు వేసుకునే బ్లేజరో, మందపాటి స్వెట్టరో వేసుకుని వెళ్లి, దాని మీద కోటు వేసి చూడాలి. గుండీలన్నీ పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తాలి. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టన్నమాట. కుర్చీలో కూర్చోవాలి. అప్పుడు కూడా గుండీలు లాగకూడదు. చేతి పొడవు బొటనవేలి మొదలు దాకా రావాలి. కింది నుంచి కూడా తెరుచుకునే జిప్పుంటే కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది.

మగవాళ్లకు ఓ చిన్న నియమం. కోటు కింది నుంచి సూటు అంచు తొంగి చూడకూడదు. ఆడవాళ్లలో 5 అడుగుల 4 అంగుళాలు, అంతకంటే తక్కువ ఎత్తున్నవాళ్లకు అమెరికా షాపుల్లో 'పెటీట్' అని వేరే కొలతలుంటాయి. మనవాళ్లలో చాలామందికి అవే సరిపోతాయి. అది తెలియక చేతులు మడిచి కుట్టించుకునేవాళ్లు ఎందరో!

కొత్త కోటు వెనక చీలిక దగ్గర అడ్డంగా గుణకారం గుర్తులా దారం వేసి ఉంటుంది. చేతి మీద కంపెనీ లేబుల్ టాకా వేసి ఉంటుంది. అవి అలంకారం కాదండీ, షాపులో నలగకుండా వేసిన కుట్లు! ఇంటికి రాగానే కత్తిరించేయాలి. జేబులు కూడా ఒక్కోసారి కుట్టేసి ఉంటాయి.

మెడకు మఫ్లరు, చేతులకు గ్లవుజులు, చెవులు కప్పే టోపీ, లోపల ఒంటికి అంటుకునే థర్మల్స్... ఇవి లేకుండా ఎంత ఖరీదైన కోటైనా సగం పనే చేస్తుంది. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది కోటు అంచుకు తెల్లటి చారలుగా పడుతుంది. ఆరాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చలికాలం అయ్యాక ఒకసారి డ్రై క్లీనింగ్ చేయించి, వెడల్పు హ్యాంగరుకు తగిలించి నూలు సంచిలో దాచాలి. ప్లాస్టిక్ కవరులో వద్దు.

కొనడం ఎక్కడ?

చలి దేశానికి కోటు చలి దేశంలోనే కొనడం మంచిది. ఇక్కడి నుంచి విమానం దిగి ఇల్లు చేరేదాకా సరిపోయే కోటు పట్టుకెళ్తే చాలు. అసలుది అక్కడ ఆ చలిలో ఒకరోజు నడిచాక కొనుక్కోవాలి. నవంబరు చివర్లో థాంక్స్ గివింగ్ మర్నాడు ధరలు తగ్గిస్తారు. జనవరి, ఫిబ్రవరిలో మిగిలిన సరుకును ఇంకా తగ్గించి అమ్ముతారు. చదువుకునే పిల్లలైతే థ్రిఫ్ట్ స్టోర్లలో ఒకరు వాడిన మంచి ఉన్ని కోట్లు వెతుక్కోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. ఢిల్లీ వెళ్లేవాళ్లకు ఇంత అక్కర్లేదు. లైనింగున్న ఉన్ని కోటో, మందపాటి ఉన్ని బ్లేజరో ఒకటి, లోపల థర్మల్స్, చీర కట్టేవాళ్లకు పొడుగు చేతుల జాకెట్టు... దర్జాగా గడిచిపోతుంది.

ఆ రాత్రి మర్నాడే అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తిట్టుకుంటుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట. "మూడు వారాలు వణికిందా? నేను బాధపడతానని?" ఆ సాయంత్రమే కూతురికి డబ్బులు పంపింది. పిల్ల మోకాళ్ల కిందికి వచ్చే ముదురు నీలం నూగు కోటు కొనుక్కుంది. తర్వాతి మీటింగులో మొదటి నిమిషం నుంచీ తనే మాట్లాడిందట.

అమ్మ కొన్న కోటు మూలన పడిందనుకుంటున్నారా? లేదు. ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగింది. పది డిగ్రీల చలిలో ఆ కోటు వేసుకుని ఫొటో పంపింది. మొన్న అక్టోబరులో మళ్లీ తీసింది. దానికీ ఓ కాలం ఉంది మరి, మేమే ముందుగా పంపాం.

మళ్లీ డిసెంబరు ప్రయాణాల రోజులు వస్తున్నాయి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు సూట్‌కేసులు సర్దుకుంటూ ఉండొచ్చు. కోటు కొనండి, కొనకపోండి. "మేం కొన్నది సరిపోకపోతే మొహమాటపడకుండా చెప్పమ్మా" అని మాత్రం విమానం ఎక్కేలోగా ఒక్కసారి చెప్పండి. మా అక్క ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ చెబుతోంది!