కోడ్ కంటే ముందు రాయాల్సింది

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి లేచిన ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయాణంలోనే, సుమారు 40 సెకన్లకు, ఆకాశంలో ముక్కలైంది. దానితోపాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. ఇంజిన్ చెడలేదు. రాకెట్ కదలికను లెక్కగట్టే పరికరంలో ఏరియాన్-4 నుంచి తెచ్చి పెట్టుకున్న ప్రోగ్రామ్ ఉంది. నేలకు సమాంతరంగా సాగే వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువను అది 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేది. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. పాత రాకెట్‌కు అది సరిపోయింది. కొత్తది అంతకంటే వేగంగా సాగడంతో మొదటి నిమిషంలోపే ఆ విలువ ఈ హద్దు దాటింది. ప్రాసెసర్ మీద భారం పెరగకూడదని, ఇలాంటి ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ కల్పించి మూడింటిని వదిలేశారు. సంఖ్య పట్టక పరికరం ఆగిపోయింది. అదే ప్రోగ్రామ్‌తో నడిచే తోడు పరికరం అప్పటికే ఆగింది. ఇంతవరకూ ఇన్‌పుట్ కథ. ఆగిపోతూ మొదటి పరికరం పంపిన లోపం సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణపు లెక్కలనుకుని నాజిళ్లను పూర్తిగా తిప్పేయడం ఔట్‌పుట్ కథ. రాకెట్‌ను నేరుగా విరిచింది ఈ రెండోదే. జవాబు లేనప్పుడు ‘జవాబు లేదు’ అని అవతలివారికి అర్థమయ్యేలా చెప్పడమూ ఔట్‌పుట్‌లో భాగమేనని మన ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పవు.

అందుకే ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షలో కోడ్‌కు ముందు ఒక అరపేజీకి మార్కులు ఉండాలని నా వాదన. ఏమేం లోపలికి రావచ్చు, ఏ కొలమానంలో, ఎంత హద్దులో. ఏమీ రాకపోతే ఏం చెయ్యాలి. బయటికి వెళ్లేదాన్ని ఎవరు చదువుతారు? జాబితాలో పెద్ద సంఖ్యను కనుక్కునే మొదటివారపు లెక్కే చూడండి. ‘పెద్దది’ అన్న పెట్టెలో ముందుగా సున్నా వేసి మొదలుపెడితే, అన్నీ రుణసంఖ్యలైన జాబితాకు సున్నా జవాబుగా వస్తుంది. జాబితాలో లేని సంఖ్య! ఖాళీ జాబితాకు ఏం చెప్పాలో కంపైలర్‌కు తెలియదు, లెక్క ఇచ్చినవాళ్లనే అడగాలి.

ఏరియాన్‌ది పరీక్షల్లో లోపం కదా అనవచ్చు. నిజమే, జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన జరిగిన విచారణా ఆ మాట చెప్పింది. కానీ ఆ పరికరం అవసరాల పత్రంలో ఏరియాన్-5 ప్రయాణమార్గపు వివరాలే లేవు. రాబోయే ఇన్‌పుట్ ఏమిటో రాసుకోనప్పుడు దేనితో పరీక్షిస్తారు? పోటీల్లో, ప్లేస్‌మెంట్ పరీక్షల్లో హద్దులు ప్రశ్నలోనే ఇస్తారు, పిల్లలు వాటిని చదువుతూనే ఉన్నారు అన్న మాటకు ఇంకాస్త బలం ఉంది. అయితే అక్కడ హద్దు దాటదన్న హామీ ప్రశ్న ఇచ్చినవారిది. ఉద్యోగంలో ఆ హామీ ఇచ్చేవారుండరు. హద్దును వెతికి పట్టుకోవడమే అసలు పని. ఉదాహరణకు, ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాళ్ల పేర్లు ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ గడుల్లో తారుమారై, ఒక్కో కాగితంలో ఒక్కోలా నమోదవుతున్నాయి. ఆ గడులు గీసినవారికి కోడ్ రాయడం బాగానే వచ్చు. లోపలికి వచ్చే పేర్లు ఎలా ఉంటాయని మాత్రం ఎవరినీ అడగలేదు.