పాలపండ్ల కోడెకు సీనియర్ల బండ

జిమ్ములో కొత్తగా చేరదామనుకునే మా ఆఫీసు కుర్రాళ్ళు ఈ మధ్య నన్ను సలహాలు అడుగుతున్నారు. ఇదో పెద్ద జోకు. చేరిన రెండో వారానికే నడుం పట్టేసి మంచమెక్కిన ఘనుణ్ణి నేను :) అయినా దెబ్బ తిన్నవాడికి నాలుగు ముక్కలు చెప్పే హక్కు ఉంటుందని నా నమ్మకం.

జరిగిందేమిటంటే... బెంగుళూరులో ఉద్యోగం, రోజుకు పది గంటలు కుర్చీలో, రాత్రి పదింటికి బిర్యానీ. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే 86 కేజీలకు చేరాను. ఇంట్లో నాయనకు షుగరు. "మీవాణ్ణి కూడా జాగ్రత్తగా ఉండమనండి" అని డాక్టరు ఆయనతో అన్నాడట. ఆ భయంతో చేరాను. ఉద్దేశం మంచిదే. కానీ పద్నాలుగో రోజున పక్కనున్నతను 100 కేజీల డెడ్‌లిఫ్ట్ పూలబుట్టలా లేపుతుంటే, మనం కనీసం 80 అయినా లేపకపోతే పరువేం కావాలి అనిపించింది. ట్రైనరు కూడా "ఏం కాదు సార్, లేపండి" అన్నాడు. బరువు లేచింది. నేను మాత్రం వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఎనిమిది వారాలు జిమ్ము బంద్.

ఆ మధ్యలో ఉగాదికి మా వల్లూరు వెళ్ళాను. నీళ్ళ బిందె ఎత్తబోతే షుగరున్న నాయన నా చేతిలోంచి లాక్కుని తానే మోశాడు. నడుం నొప్పికంటే అది ఎక్కువ నొప్పించింది. ఎవరి కోసం జిమ్ములో చేరాను, చివరికి ఎవరిచేత బరువు మోయించాను!

సాయంత్రం పెద్దనాయన వచ్చాడు. ఆయనకు బండలాగుడు ఎద్దుల పిచ్చి. సంగతంతా విని నవ్వాడు. "ఏమబ్బీ, ఇంత సదువుకున్నావే, పాలపండ్ల కోడెకు సీనియర్ల బండ యాడన్నా కడతారా?"

తెలియనివారి కోసం చెప్తాను. మా కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎటు పోయినా పండగలకూ తిరునాళ్ళకూ బండలాగుడు పందేలుంటాయి. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే అది గెలిచినట్టు. అందులో విభాగాలను పండ్లను బట్టి పెడతారు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఆపైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. కోడె ఎంత ఏపుగా ఉన్నా నోరు తెరిచి పండ్లు చూసిగానీ బండ దగ్గరికి రానివ్వరు. జిమ్ములో మన పండ్లు చూసేవాడెవడూ లేడు. మన పండ్లు మనమే చూసుకోవాలి. కొత్తవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని వివరణే.

మొదట్లో బలం చకచకా పెరుగుతుంది. అదే అసలు మోసం. ఆ తొలి వారాల్లో పెరిగేది కండ కాదు, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. కండను ఎముకకు కట్టిపట్టే స్నాయువులు అంతకంటే నెమ్మదిగా గట్టిపడతాయి. "ఇంకో ప్లేటు వెయ్యొచ్చు" అని బుర్ర చెప్పే రోజుకు అవి ఇంకా పాలపండ్లలోనే ఉంటాయన్నమాట. కాబట్టి మొదట ఖాళీ రాడ్డుతో పద్ధతి నేర్చుకోండి. పెద్ద రాడ్డు ఒక్కటే 20 కేజీలు ఉంటుంది, అదేమీ నామోషీ కాదు.

తర్వాత పెంచడం. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఈ రోజు ఎంత ఎత్తారో, ఎన్నిసార్లు ఎత్తారో రాసుకోండి. పద్ధతి చెడకుండా అన్నిసార్లూ చేయగలిగితేనే వచ్చేసారి 2.5 కేజీలు కలపండి. ఇంతేనా అంటారా? మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె పైనున్న ఇద్దరూ ఎత్తింది 242.5. కాంస్యానికీ స్వర్ణానికీ మధ్య ఉన్నది ఆ రెండున్నర కేజీలే. దాన్ని చిన్నచూపు చూడకండి.

విశ్రాంతి గురించి. మా పెద్దనాయన బండ కట్టిన మరుసటి రోజు ఎద్దులను ఊరికే నడిపించుకొస్తాడు, అంతే. నేనేమో వారానికి ఆరు రోజులు వెళ్ళాను! కొత్తవాళ్ళకు రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు చాలు. బలాన్నిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మిగతా రోజుల్లో నడవండి. చేసిన మర్నాడో, ఆ మర్నాడో ఒళ్ళంతా పచ్చిపుండులా ఉండటం మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ కీలులో కలుక్కుమన్నా, నొప్పి కాల్లోకి పాకినా అక్కడితో ఆపేయండి. ఒళ్ళు నొప్పులతో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. అతిగా చేసినప్పుడు కండ కరిగి రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదముంది. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే డాక్టరును అడగడం మంచిది.

ఇక తిండి. చేరిన మొదటి రోజే నాకు వేలు పోసి డబ్బా కొనిపించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు కేజీ బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తేవాళ్ళు 1.6 గ్రాముల వరకు వెళ్ళొచ్చు. అంటే 60 కేజీల మనిషికి 50 నుంచి 96 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22, శెనక్కాయల్లో అంతకంటే కాస్త ఎక్కువే. పాలు, పెరుగు, పప్పు, చికెన్ ఎలాగూ ఉన్నాయి. పందెం ఎద్దుకు ఉలవలు ఉడకబెట్టి పెడుతూ, మనం మాత్రం డబ్బాల వెంట పడటం నాకైతే వింతగా ఉంది. పొడి విషమేమీ కాదు, తిండితో సరిపోనప్పుడు వాడుకోవచ్చు. ఇంజెక్షన్ల మాట ఎవడైనా ఎత్తితే మాత్రం ఆ జిమ్మే మానేయండి.

ఇంకోటి, ఏడాది ఫీజు ఒకేసారి కడితే సగమే అంటారు. కట్టకండి. ఏడాదికి కట్టినోళ్ళంతా రోజూ వస్తే అక్కడ నిలబడటానికి చోటుండదు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. ముందు నెలకు కట్టి మూడు నెలలు మానకుండా వెళ్ళి చూడండి. ఆ మూడు నెలల్లో సాధించాల్సింది కండలు కాదు, మానకపోవడం. అది అలవాటైతే మిగతాది దాని వెనకే వస్తుంది.

నేను మళ్ళీ ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మొన్న శనివారం అదే 80 కేజీలు, నడుం నిటారుగా పెట్టి, ఐదుసార్లు లేపాను. చప్పట్లేమీ లేవు, పక్కనోడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆనందం పట్టలేక పెద్దనాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"పర్వాలేదు, రెండు పండ్లు వచ్చినట్టుండాయి" అన్నాడు :)