తాతగారిది ఉత్తి కర్రేనా?

పండక్కి కోయంబత్తూరు వచ్చిన మా పిల్లలు ఒక మాటన్నారు: "తాతది ఉత్తి కర్ర, మాదే రాడ్డు." తెచ్చుకున్నవి ఫ్లై రాడ్లు, 4వ నంబరుదొకటి, 8వ నంబరుదొకటి. ఈ మాట మేం ఒప్పుకోం.

ఫ్లై రాడ్డు మంచిదే. సీసం గుండు అక్కర్లేదు, దారం బరువే ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుని దూరం తీసుకెళ్తుంది. కానీ ఎవరికోసం? బంగారుతీగకి. 1939లో సిలోన్ నుంచి నీలగిరికి తెచ్చిన చేప. అడుగు బురదలో మూతిపెట్టి పీల్చుకు తింటుంది. దాని ముందుకి ఎర దించడం తాత వెదురుకీ, పిండిముద్దకీ బాగా తెలుసు. ఆ సన్న 4వ నంబరుతో 5 కిలోల చేపని అరగంట లాగి, సొమ్మసిల్లాక ఫోటో తీసి నీళ్లలో వదలడం వేటా? 8వ నంబరైతే త్వరగా ఒడ్డుకొస్తుంది, వదిలితే బతుకుతుంది. అది ఎవరూ ఆలోచించరు.

అన్నట్టు, అమెరికావాళ్లు ఒకప్పుడు ఫ్లై రాడ్లు వెదురు బద్దలతోనే చేసేవారు. మొదట్లో ఆ వెదురు కలకత్తా నుంచి ఓడల్లో వెళ్లేది. కర్రట!

మా ఇంట్లో 'గాలం' పోయి 'తూండిల్' వచ్చింది, ఆ తప్పు మాదే. తాత గాలం అటకమీదుంది. వచ్చే సెలవులకి దించుతాం, పక్కపక్కన వేద్దాం రండి.