పట్టా మార్చే ముందు

సర్కారు ఉద్యోగికి 61 ఏళ్లు నిండితే శాలువా కప్పి, లెక్కలు తేల్చి ఇంటికి పంపుతారు. రైతుకు అలాంటి రోజు లేదు. మోకాళ్లు పట్టేసినా పొద్దున్నే పొలానికి పోవాల్సిందే, నీళ్లు కట్టాల్సిందే. పొలంలో లేని రిటైర్మెంట్ కాగితాల మీద మాత్రం ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే. ఆ వయసు దాటిన రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు రావు. 2019లో కేంద్రం తెచ్చిన కిసాన్ మాన్‌ధన్ పథకం 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 పింఛను ఇస్తుంది. కానీ అందులో చేరాలంటే 18 నుంచి 40 ఏళ్ల లోపు ఉండాలి. అప్పటికే 40 దాటిన మన తరానికి ఆ తలుపు మొదటి రోజే మూసుకుంది.

ఈ లెక్కల వల్లే ఇప్పుడు ఇళ్లలో ఒక మాట ఎక్కువగా వినబడుతోంది: "నాయినా, పట్టా నా పేరు మీదికి చెయ్యి."

అడిగే కొడుకుదంతా స్వార్థమే అనలేం. దున్నేది, మందు కొట్టేది, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర రాత్రుళ్లు కాపలా పడుకునేది అతనే. కానీ పాసుపుస్తకం తండ్రి పేరున ఉంటే పంట రుణం అతనికి రాదు, పెట్టుబడి సాయం అతని ఖాతాలో పడదు, బీమా ఉండదు. నలభై ఏళ్ల మనిషి బ్యాంకు ముందు ఏ కాగితమూ లేకుండా నిలబడాలి. ఇది న్యాయమైన బాధే.

ఇవ్వడానికి వెనకాడే తండ్రిదీ మొండితనం కాదు. భూమి తన పేరున ఉన్నంతకాలమే ఇంట్లో తన మాటకు విలువ అని అతని అనుభవం చెబుతోంది. పట్టా మారిన ఏడాదికే వసారాలోకి మంచం మారిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

"మా కాలంలో ఇట్లా లేదు" అనే మాట పెద్దల నోట తరచూ వస్తుంది. నిజమే, ఒక్క పొయ్యి మీద ఇరవై మందికి వండేవారు, ముసలివాళ్లకు ముద్ద ముందు పెట్టేవారు. అయితే ఆ ఇళ్లలోనే యాభై ఏళ్లొచ్చిన కొడుకుకు ఒక బస్తా వడ్లు అమ్మే అధికారం లేదు. ఆ ముద్ద పెట్టిన కోడలి కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆనాటి గౌరవంలో ప్రేమ ఎంతో, భయం అంత. ఈ తరం భయాన్ని వదిలేసింది. అందుకు బాధపడాల్సిన పని లేదు. భయం పోయిన చోట బాధ్యతను ఎలా నిలబెట్టాలన్నదే ఇప్పటి సమస్య.

విలువలు మారడమంటే పడిపోవడం ఒక్కటే కాదు. తల్లిదండ్రులను చూసేది కొడుకే అన్న మాట ఇప్పుడు చాలా ఇళ్లలో చెల్లడం లేదు. జ్వరమొస్తే బస్సెక్కి వచ్చేది, ఆసుపత్రిలో పక్కన కూర్చునేది బిడ్డలే. 2005 చట్ట సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అయినా పంపకాల నాడు "కట్నమిచ్చి పంపాం కదా" అని సంతకం పెట్టించుకుంటున్నాం. సేవకు కూతురు, భూమికి కొడుకు అనే లెక్క ఇకనైనా మారాలి.

పంపకం అంటే మరో మాట. ఊరి పంచాయితీల్లో "నాన్న పెద్దోడి దగ్గర, అమ్మ చిన్నోడి దగ్గర" అని వంతులు వేస్తున్నారు. నలభై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరిని చెరొక ఇంటికి పంచడం తీర్పు కాదు. మన సంఘం పెద్దలు అలాంటి పంచాయితీలో కూర్చోవద్దు. కూర్చుంటే ఒప్పుకోవద్దు.

పట్టా మార్చాలనుకునే పెద్దలు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. "నా అవసరాలు చూసుకోవాలి" అనే షరతు మీద ఆస్తి ఇచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయించుకునే హక్కు 23వ సెక్షన్ ఇస్తుంది. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా అర్థం చేసుకోవాలని 2025 జనవరిలో చెబుతూ, ఒక తల్లి కొడుక్కు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. కాబట్టి నోటిమాట చాలదు. తిండి, బట్ట, వైద్యం, ఉండే చోటు చూసుకోవాలనే షరతును డీడ్‌లోనే రాయించండి. ఉన్నదంతా ఒకేసారి రాసివ్వకండి. ఎకరమో, అర ఎకరమో భార్య పేరున ఉంచండి. తర్వాత ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆమే.

పోషణ అందకపోతే ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10,000 వరకు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. లాయర్ అక్కర్లేదు. నడవలేని వాళ్ల తరఫున, వాళ్లు అనుమతిచ్చిన మరొకరు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ పని మన కార్యకర్తలు నెత్తిన వేసుకోవాలి.

అయితే చట్టంతో అన్నం పెట్టించగలం, ఆప్యాయత పెట్టించలేం. పిల్లలకే గిట్టుబాటు లేనప్పుడు పెద్దల్ని చూడమని కోర్టు చెప్పినా ఎక్కడి నుంచి తెచ్చి చూస్తారు? పంటకు ధర లేని ఇంట్లో ముసలితనం భారమే అవుతుంది. ఆ భారాన్ని కొడుకుల మీదికి తోసి సర్కారు తప్పుకుంటే కుదరదు. రైతుబీమాకు 59 ఏళ్ల గీత చెరిపేయాలి. 60 దాటిన ప్రతి రైతుకూ, పాసుపుస్తకమే లేని కౌలు రైతుకూ, కూలీకీ బతకగలిగే పింఛను ఇవ్వాలి. ఇంటికి ఒక్కటే అనకుండా భార్యాభర్తలిద్దరికీ ఇవ్వాలి. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసే ముందు 23వ సెక్షన్‌ను తహశీల్దార్ కార్యాలయంలో చదివి వినిపించాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో దీన్ని ఎజెండాగా పెట్టండి. ముసలివాళ్లను, పడుచువాళ్లను, కోడళ్లను, బిడ్డలను ఒకే చోట కూర్చోబెట్టండి. ముందు వినండి, తర్వాత తీర్మానం రాసి మండల కమిటీకి పంపండి.